మిర్చి ఎగుమతులు రికార్డు.. రైతుకు మాత్రం సగం ధరే! పల్నాడు కల్లం నుంచి దేశ వాణిజ్యం దాకా అసలు లెక్క ఇదీ

నరసరావుపేట: 2024-25లో మన దేశం నుంచి విదేశాలకు వెళ్లిన ఎండుమిర్చి సుమారు 7.15 లక్షల టన్నులు. అంతకు ముందెప్పుడూ ఇంత సరుకు వెళ్లలేదు. కానీ అదే ఏడాది గుంటూరు యార్డులో పల్నాడు రైతు కళ్లు చెమర్చాయి. 2023లో క్వింటా 20 వేలు దాటి పలికిన రకాలు 2025 ఫిబ్రవరి నాటికి 10 నుంచి 13 వేల మధ్యకు పడిపోయాయి.

ఎగుమతులు పెరిగితే ధర పెరగాలి కదా? మరి తగ్గిందేంటి? మాచర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతాల్లో ఆ సీజన్‌లో గట్టిగా వినిపించిన ప్రశ్న ఇదే. దీనికి జవాబు దేశం మొత్తం సరుకుల వాణిజ్యం లెక్కల్లోనే ఉంది. పూర్తి వివరాలు ఇవీ.

ముఖ్యాంశాలు

- 2024-25లో దేశ సరుకుల ఎగుమతులు సుమారు 437 బిలియన్ డాలర్లు, దిగుమతులు సుమారు 720 బిలియన్ డాలర్లు
- మిర్చి ఎగుమతుల పరిమాణం 19 శాతం పెరిగింది, రూపాయల్లో విలువ మాత్రం 9 శాతం దాకా తగ్గింది
- ఒకప్పుడు కోటి బేళ్లకు పైగా పత్తి అమ్మిన దేశం.. ఇప్పుడు అమ్మేదాని కంటే ఎక్కువ కొంటోంది
- ఎరువులు, డీజిల్, వంటనూనె.. రైతు ఖర్చులో పెద్ద భాగం దిగుమతులతో ముడిపడి ఉంది

సరుకుల వాణిజ్యం అంటే ఏంటి?

కంటికి కనిపించే, లారీలోనో ఓడలోనో విమానంలోనో వెళ్లే వస్తువుల అమ్మకం, కొనుగోలే సరుకుల వాణిజ్యం. మిర్చి, బియ్యం, మందులు, ఫోన్లు, ముడిచమురు, బంగారం.. అన్నీ ఇందులోకే వస్తాయి. హైదరాబాద్‌లో కూర్చుని అమెరికా కంపెనీకి చేసే సాఫ్ట్‌వేర్ పని ఇందులోకి రాదు. దాన్ని సేవల వాణిజ్యం కింద వేరుగా లెక్కిస్తారు.

లెక్క ఏప్రిల్‌లో మొదలై మార్చితో ముగుస్తుంది. పోర్టులు, ఎయిర్‌పోర్టులు, సరిహద్దు చెక్‌పోస్టుల్లో కస్టమ్స్ శాఖ దగ్గర నమోదయ్యే పత్రాలే దీనికి ఆధారం. వాటిని కోల్‌కతాలోని డీజీసీఐఎస్ సంస్థ క్రోడీకరిస్తుంది. ప్రతి నెలా మధ్యలో, సాధారణంగా 15వ తేదీ అటూఇటుగా, కేంద్ర వాణిజ్య శాఖ ముందు నెల అంకెలు విడుదల చేస్తుంది.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. ఎగుమతి విలువ అంటే సరుకు ఓడ ఎక్కే వరకు అయ్యే ధర మాత్రమే. దిగుమతి విలువలో మాత్రం సరుకు ధరతో పాటు ఓడ కిరాయి, బీమా కూడా కలుస్తాయి. అందుకే ఓడ కిరాయిలు పెరిగిన ఏడాది అదే సరుకు కొన్నా దిగుమతి బిల్లు ఎక్కువగా కనిపిస్తుంది.

ప్రతి వస్తువుకూ ఒక కోడ్ నంబర్ ఉంటుంది. దాన్ని హెచ్‌ఎస్ కోడ్ అంటారు. ఎండుమిర్చి 0904 కింద, దూది 5201 కింద వస్తాయి. ఏ దేశంలో చూసినా మొదటి ఆరు అంకెలు ఒకటే. చైనా కస్టమ్స్ లెక్కలో, మన కస్టమ్స్ లెక్కలో మిర్చిని పోల్చి చూడగలగడానికి కారణం ఈ కోడే.

606 కోట్ల నుంచి 37 లక్షల కోట్ల దాకా

1950-51లో దేశం మొత్తం ఎగుమతులు 606 కోట్ల రూపాయలు. దిగుమతులు 608 కోట్లు. దాదాపు సరికి సరి. జనపనార, టీ, నూలు బట్టలు.. అప్పటి ప్రధాన సరుకులు ఇవే.

ఆ తర్వాత గ్రాఫ్ ఎలా నడిచిందో చూస్తే (బిలియన్ డాలర్లలో, సుమారుగా):

- 1990-91: ఎగుమతులు 18, దిగుమతులు 24
- 2000-01: ఎగుమతులు 45, దిగుమతులు 50
- 2010-11: ఎగుమతులు 250, దిగుమతులు 370
- 2013-14: ఎగుమతులు 314, దిగుమతులు 450
- 2015-16: ఎగుమతులు 262, దిగుమతులు 381
- 2020-21: ఎగుమతులు 292, దిగుమతులు 394
- 2021-22: ఎగుమతులు 422, దిగుమతులు 613
- 2022-23: ఎగుమతులు 451, దిగుమతులు 716
- 2023-24: ఎగుమతులు 437, దిగుమతులు 678
- 2024-25: ఎగుమతులు 437, దిగుమతులు 720

ఒక బిలియన్ అంటే 100 కోట్లు. అంటే 437 బిలియన్ డాలర్లు అంటే 43,700 కోట్ల డాలర్లన్నమాట.

ఈ అంకెల్లో మూడు విషయాలు స్పష్టంగా కనిపిస్తాయి.

ఒకటి, 2000 నుంచి 2010 వరకు ఎగుమతులు అయిదు రెట్లకు పైగా పెరిగాయి. అది దేశ వాణిజ్యానికి బంగారు దశాబ్దం. రెండు, 2013-14 తర్వాత ఏడేళ్ల పాటు బండి అక్కడక్కడే తిరిగింది. 2020-21లో కరోనా దెబ్బకు వచ్చిన 292 బిలియన్లు ఏడేళ్ల నాటి అంకె కంటే తక్కువ. మూడు, కరోనా తర్వాత ఒక్కసారిగా 400 దాటింది కానీ, 2022-23 తర్వాత మళ్లీ ఆగింది.

దిగుమతులు మాత్రం ఆగలేదు. ఎగుమతుల కంటే దిగుమతులు ఎంత ఎక్కువో దాన్ని వాణిజ్య లోటు అంటారు. 2000-01లో లోటు సుమారు 6 బిలియన్లు. 2024-25లో సుమారు 283 బిలియన్లు. ఇందులో ఒక్క చైనాతోనే లోటు 99 బిలియన్ డాలర్ల దాకా ఉంది. సేవల ఎగుమతుల్లో వచ్చే మిగులు, విదేశాల్లో ఉన్నవాళ్లు ఇంటికి పంపే డబ్బు ఈ లోటులో చాలా భాగాన్ని పూడుస్తున్నాయి.

ప్రపంచంలో మన వాటా ఎంత?

1948లో ప్రపంచ ఎగుమతుల్లో భారత్ వాటా 2.2 శాతం. ఆ తర్వాత కిందికి జారుతూ 1970లు, 80ల్లో 0.5 శాతం దగ్గరికి వచ్చింది. ఇప్పుడు 1.8 శాతం దగ్గర ఉంది. అంటే 75 ఏళ్ల తర్వాత కూడా మొదలైన చోటికి ఇంకా పూర్తిగా చేరలేదు.

మలుపు తిప్పిన సంవత్సరాలు

1966 జూన్: రూపాయి విలువ తగ్గించారు. డాలర్ 4.76 రూపాయల నుంచి 7.50కి చేరింది.

1991: విదేశీ మారకం నిండుకుంది. రిజర్వ్ బ్యాంకు సుమారు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో తాకట్టు పెట్టాల్సి వచ్చింది. పీవీ నరసింహారావు ప్రభుత్వం జులైలో రూపాయి విలువ తగ్గించి, లైసెన్సుల పద్ధతిని సడలించింది. అక్కడి నుంచే గ్రాఫ్ పైకి లేచింది.

1995 జనవరి 1: ప్రపంచ వాణిజ్య సంస్థ మొదలైంది. భారత్ మొదటి రోజు నుంచే సభ్య దేశం.

2008-09: అమెరికాలో బ్యాంకులు కూలడంతో ఆర్డర్లు పడిపోయాయి. 2009-10లో ఎగుమతులు తగ్గాయి.

2022: ఉక్రెయిన్ యుద్ధం మొదలైంది. చమురు, ఎరువుల ధరలు మండిపోయాయి. దిగుమతి బిల్లు 700 బిలియన్లు దాటింది.

2025 ఆగస్టు: భారత సరుకులపై అమెరికా సుంకం 27వ తేదీ నుంచి 50 శాతానికి చేరింది. అమెరికా మన సరుకులకు అతి పెద్ద కొనుగోలుదారు. 2024-25లో అక్కడికి వెళ్లిన సరుకు 86 బిలియన్ డాలర్లకు పైనే. రాష్ట్రంలో ఈ దెబ్బ ముందుగా తగిలింది రొయ్యల రైతులకు.

రూపాయిలో రెట్టింపు.. డాలర్లో కాదు

2013-14లో ఎగుమతులు రూపాయల్లో 19 లక్షల కోట్లు. 2024-25లో దాదాపు 37 లక్షల కోట్లు. చూడ్డానికి దాదాపు రెట్టింపు. కానీ డాలర్లలో చూస్తే 314 నుంచి 437కి, అంటే 39 శాతం పెరుగుదలే.

తేడా ఎక్కడ వచ్చింది? 2013-14లో డాలర్ సగటున 60 రూపాయలు. 2024-25లో 84 దాటింది. అదే సరుకును అదే డాలర్ ధరకు అమ్మినా రూపాయల్లో ఎక్కువ కనిపిస్తుంది. నాయకుల ప్రసంగాల్లో 'రికార్డు ఎగుమతులు' అన్న మాట వినిపిస్తే, అది రూపాయల్లోనా, డాలర్లలోనా, టన్నుల్లోనా అన్నది ముందు చూడాలి. మిర్చి విషయంలో అసలు కిటుకంతా ఇక్కడే ఉంది.

మిర్చి లెక్క: టన్నులు పైకి.. ధర కిందికి

స్పైసెస్ బోర్డు లెక్కల ప్రకారం దేశం నుంచి మిర్చి ఎగుమతులు సుమారుగా ఇలా ఉన్నాయి. చివరి అంకె మొత్తం విలువను పరిమాణంతో భాగిస్తే వచ్చే సగటు ధర:

- 2020-21: 6.49 లక్షల టన్నులు, 9,241 కోట్లు. కిలోకు 142 రూపాయలు
- 2021-22: 5.57 లక్షల టన్నులు, 8,582 కోట్లు. కిలోకు 154 రూపాయలు
- 2022-23: 5.16 లక్షల టన్నులు, 10,444 కోట్లు. కిలోకు 202 రూపాయలు
- 2023-24: 6.01 లక్షల టన్నులు, 12,492 కోట్లు. కిలోకు 208 రూపాయలు
- 2024-25: 7.15 లక్షల టన్నులు, 11,404 కోట్లు. కిలోకు 160 రూపాయలు

ఒక్క ఏడాదిలో కిలోకు 48 రూపాయలు తగ్గింది. అంటే సరుకు ఎక్కువ వెళ్లింది కాబట్టి ధర తగ్గలేదు. ధర తగ్గింది కాబట్టే విదేశీ కొనుగోలుదారు ఎక్కువ కొన్నాడు. 'రికార్డు ఎగుమతి' అన్న వార్త, 'యార్డులో ధర పతనం' అన్న వార్త రెండూ నిజమే. ఒకే నాణేనికి రెండు వైపులు.

ధర ఎందుకు పడింది?

కథ 2021లో మొదలైంది. ఆ ఏడాది చివర్లో నల్ల తామర పురుగు మిర్చి తోటల్ని తుడిచిపెట్టింది. పల్నాడులో చాలాచోట్ల పైరు పీకేశారు. దిగుబడి పడిపోయి, సరుకు కొరత వచ్చింది. తర్వాతి రెండేళ్లు ధర ఆకాశానికి వెళ్లింది. ధర చూసి రైతు మళ్లీ మిర్చి వైపు మళ్లాడు. ఇక్కడే కాదు.. తెలంగాణ, కర్ణాటక, మధ్యప్రదేశ్‌లలో కూడా సాగు పెరిగింది. సరుకు వెల్లువెత్తింది. ఇంకా పెరుగుతుందన్న ఆశతో కోల్డ్ స్టోరేజీల్లో దాచిన పాత సరుకు, కొత్త కోతలు రెండూ ఒకేసారి మార్కెట్లోకి వచ్చిపడ్డాయి.

రెండో కారణం కొనేవాళ్లు కొద్దిమందే కావడం. మన మిర్చికి అతి పెద్ద కస్టమర్ చైనా. కారం ఎక్కువగా ఉండే తేజ రకం అంటే అక్కడ మక్కువ. వంటలకే కాదు, మిర్చి నుంచి ఘాటు, రంగు తీసే ఓలియోరెసిన్ పరిశ్రమకూ ఇదే కావాలి. బంగ్లాదేశ్, థాయ్‌లాండ్, ఇండోనేసియా, మలేసియా, శ్రీలంక తర్వాతి వరుసలో ఉన్నాయి. వీటిలో ఏ ఒక్క దేశం తటపటాయించినా ఆ ప్రభావం యార్డులో పాటపై పడుతుంది. 2022లో శ్రీలంక డాలర్లు లేక దివాలా తీసింది. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్‌లో ప్రభుత్వం కూలిపోయింది. మాచర్ల రైతుకు ఈ రెండు దేశాల రాజకీయాలతో ఏ సంబంధమూ లేదు. ఆయన పండించిన మిర్చికి మాత్రం ఉంది.

కేంద్రం ఏం చేసింది?

మిర్చికి మద్దతు ధర లేదు. వరి, పత్తి లాంటి పంటలకే అది ఉంది. అందుకే 2025 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం కేంద్రాన్ని మార్కెట్ జోక్యం పథకం కింద ఆదుకోవాలని కోరింది. కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ఖరారు చేసి, 2.43 లక్షల టన్నుల వరకు వర్తింపజేసింది. ఆ ధరకు, మార్కెట్లో పలికే ధరకు మధ్య తేడాను ప్రభుత్వం భరించాలన్నది ఉద్దేశం. అయితే 2023 నాటి ధర చూసి పెట్టుబడి పెట్టిన కౌలు రైతుకు ఈ అంకె ఊరట ఇచ్చేంత పెద్దది కాదు. కౌలు, కూలి, పురుగుమందుల ఖర్చు ధరతో పాటు సగానికి దిగిరాదు కదా.

రెడ్డిపాలెం నుంచి బెనాపోల్‌కు రైలు

సరుకు బయటికి ఎలా వెళ్తుందన్నది కూడా ధరను తేలుస్తుంది. చైనా, ఆగ్నేయాసియా దేశాలకు కంటైనర్లలో ఓడ మీద వెళ్తుంది. బంగ్లాదేశ్‌కు పశ్చిమ బెంగాల్ సరిహద్దు దాకా లారీలే దిక్కు.

2020 జులైలో మాత్రం ఒక కొత్త ప్రయోగం జరిగింది. లాక్‌డౌన్‌లో రోడ్డు రవాణా ఇబ్బంది కావడంతో గుంటూరు దగ్గరి రెడ్డిపాలెం నుంచి బంగ్లాదేశ్‌లోని బెనాపోల్‌కు రైల్వే ప్రత్యేక పార్సిల్ రైలు నడిపింది. 16 వ్యాగన్లలో 384 టన్నుల ఎండుమిర్చి వెళ్లింది. దేశం సరిహద్దు దాటిన తొలి పార్సిల్ రైలు అదే. లారీలో టన్నుకు 7,000 రూపాయలు అయ్యే చోట రైల్లో 4,608 రూపాయలే అయిందని రైల్వే శాఖ ప్రకటించింది. కిలోకు 2 రూపాయల 40 పైసల దాకా ఆదా.

పత్తి: అమ్మే దేశం కొనే దేశమైంది

పల్నాడు నల్లరేగడిలో మిర్చికి జోడీ పత్తి. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక దేశంలో దిగుబడి దూసుకెళ్లింది. 2011-12 సీజన్‌లో సుమారు 130 లక్షల బేళ్ల దూది విదేశాలకు వెళ్లింది. బేలు అంటే 170 కిలోలు.

తర్వాత గులాబీ రంగు పురుగు బీటీకి లొంగడం మానేసింది. దిగుబడి తగ్గింది. దేశంలో మిల్లుల అవసరం మాత్రం తగ్గలేదు. 2024-25 సీజన్‌కు వచ్చేసరికి దిగుమతులు 40 లక్షల బేళ్లు దాటగా, ఎగుమతులు 20 లక్షల లోపే ఉండిపోయాయి. పదమూడేళ్లలో కథ పూర్తిగా తిరగబడింది.

ఇక్కడ సుంకం పాత్ర పెద్దది. 2021 బడ్జెట్‌లో పత్తి దిగుమతిపై సుంకం తెచ్చారు. మొత్తం కలిపి 11 శాతం. 2022లో కొన్ని నెలలు దాన్ని ఎత్తేశారు. 2025 ఆగస్టు 19 నుంచి మళ్లీ ఎత్తేసి, డిసెంబర్ 31 వరకు పొడిగించారు. బట్టల మిల్లులకు చవకగా దూది దొరకాలన్నది ప్రభుత్వం చెప్పిన కారణం. కానీ సరిగ్గా అదే సమయంలో రైతు పత్తి తీసి మార్కెట్‌కు తెస్తాడు. విదేశీ దూది చవకగా దొరికితే మిల్లు లోకల్ పత్తికి ఎక్కువ ధర ఎందుకు పెడుతుంది?

2025-26కు పొడవు పింజ పత్తి మద్దతు ధర క్వింటాకు 8,110 రూపాయలు. ఆ ధర దక్కాలంటే సీసీఐ కేంద్రానికే అమ్మాలి. దానికి కపాస్ కిసాన్ యాప్‌లో నమోదై, స్లాట్ బుక్ చేసుకోవాలి. తేమ ఎక్కువుంటే కోత, మరీ ఎక్కువైతే తిరస్కరణ.

దిగుమతులు కూడా పొలంలోనే

దిగుమతి అనగానే బంగారం, ఫోన్లు గుర్తొస్తాయి. నిజమే, 2024-25లో బంగారం దిగుమతి సుమారు 58 బిలియన్ డాలర్లు. ముడిచమురు, పెట్రోలియం ఉత్పత్తులు 185 బిలియన్లకు పైన. కానీ రైతు పొలంలోనూ దిగుమతి సరుకు ఉంది.

పొటాష్ మొత్తం విదేశాల నుంచే వస్తుంది. డీఏపీలో సగానికి పైగా దిగుమతే. దేశంలో తయారయ్యే దానికి కూడా ముడి పదార్థం బయటి నుంచే రావాలి. 50 కిలోల డీఏపీ బస్తా 1,350 రూపాయలకు దొరుకుతోందంటే మిగతాది సబ్సిడీ. ట్రాక్టర్‌లో పోసే డీజిల్‌కు ఆధారమైన ముడిచమురులో 85 శాతానికి పైగా దిగుమతే. ఇంట్లో వాడే వంటనూనెలో సగానికి పైగా అంతే.

అందుకే రూపాయి పడిపోతే ఎగుమతిదారుకు లాభం అన్న మాట రైతు విషయంలో సగమే నిజం. మిర్చికి నాలుగు రూపాయలు ఎక్కువ వచ్చినా, సాగు ఖర్చు కూడా వెనకాలే పెరుగుతుంది.

నాణ్యత లేకపోతే కంటైనర్ వెనక్కే

కల్లంలో మట్టి మీద ఆరబోసిన కాయకు తేమ తగిలితే బూజు పడుతుంది. దాని నుంచి అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. పురుగుమందు అవశేషాలు మోతాదు దాటినా అంతే సంగతి. యూరప్ దేశాలు వీటిపై చాలా కఠినంగా ఉంటాయి. 2003లో మిర్చి పొడిలో సుడాన్ అనే రంగు బయటపడ్డాక స్పైసెస్ బోర్డు ఎగుమతికి ముందే పరీక్షలు తప్పనిసరి చేసింది. ఎక్కువ ధర ఇచ్చే దేశాలే ఎక్కువ పరీక్షలు అడుగుతాయి. పరీక్ష దాటని సరుకు తక్కువ ధర ఇచ్చే దేశాలకో, లోకల్ మార్కెట్‌కో పోతుంది.

పల్నాడు జిల్లా యడ్లపాడు మండలం వంకాయలపాడులో స్పైసెస్ పార్కు ఉంది. అక్కడే 2022 నవంబర్‌లో ఐటీసీ సుగంధ ద్రవ్యాల ప్రాసెసింగ్ యూనిట్ ప్రారంభమైంది. కాయగా పంపడం కంటే పొడిగా, ఓలియోరెసిన్‌గా పంపితే కిలోకు వచ్చే డాలర్లు ఎక్కువ. పోటీ దేశాలు కొట్టే దెబ్బ కూడా కొంత తగ్గుతుంది.

ఈ నేలకు విదేశీ వ్యాపారం కొత్త కాదు

మాచర్ల దగ్గరి నాగార్జునకొండ 3, 4 శతాబ్దాల్లో ఇక్ష్వాకుల రాజధాని. అక్కడి తవ్వకాల్లో రోమన్ బంగారు నాణేలు దొరికాయి. కృష్ణా లోయకు సముద్రాల అవతలి వ్యాపారంతో అప్పుడే సంబంధం ఉందని అవి చెబుతున్నాయి. ఆ రోజుల్లో మాత్రం ఇక్కడ మిర్చి లేదు. అది దక్షిణ అమెరికా వైపు పుట్టి, పోర్చుగీసు వ్యాపారుల ఓడల్లో మన దేశానికి వచ్చిన పంట. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలాక పల్నాడు పంటల రూపమే మారింది. ఒకప్పటి దిగుమతి మొక్క ఇప్పుడు జిల్లాలోని ప్రధాన ఎగుమతి పంట.

సరుకు దాచాలా? అమ్మాలా? ఈ అంకెలు చూడాల్సిందే

- టన్నులు, డాలర్లు విడివిడిగా చూడాలి. టన్నులు పెరిగి డాలర్లు తగ్గితే ధర పడిపోతోందని అర్థం.
- ఒక్క నెల అంకెతో నిర్ణయానికి రాకూడదు. గత ఏడాది ఇదే నెలతో పోల్చాలి. మిర్చి ఎగుమతులు సీజన్‌ను బట్టి మారతాయి.
- గుంటూరు కోల్డ్ స్టోరేజీల్లో ఎన్ని లక్షల టిక్కీలు ఉన్నాయో కనుక్కోవాలి. నిల్వ ఎక్కువుంటే ఎగుమతి బాగున్నా ధర లేవడం కష్టం.
- సాగు విస్తీర్ణం ఎంతో ఆగస్టు, సెప్టెంబర్‌లోనే తెలుస్తుంది. తెలంగాణ, కర్ణాటక, మధ్యప్రదేశ్ అంకెలు కూడా చూడాలి.
- సుంకం, నిషేధం వార్తలు ముఖ్యం. 2023 జులై 20న తెల్ల బియ్యం ఎగుమతిపై నిషేధం పెట్టిన కేంద్రం, 2024 సెప్టెంబర్ 28న ఎత్తేసింది. ఒక్క నోటిఫికేషన్‌తో మార్కెట్ మారిపోతుంది.
- కోల్డ్ స్టోరేజీలో పెడితే అద్దె, అప్పుపై వడ్డీ, బరువు తగ్గుదల మూడూ కలిపి లెక్కేయాలి. ధర అంతకంటే ఎక్కువ పెరిగితేనే దాచినందుకు ఫలితం.

నెలవారీ వాణిజ్య అంకెలు కేంద్ర వాణిజ్య శాఖ వెబ్‌సైట్‌లో, మిర్చి ఎగుమతుల వివరాలు స్పైసెస్ బోర్డు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతాయి. ఇవన్నీ ఫోన్లోనే చూసుకోవచ్చు. యార్డులో పెద్ద వ్యాపారి ఈ అంకెలు చూసే పాటలో కూర్చుంటాడు. టిక్కీలు లారీకి ఎత్తే ముందు రైతు కూడా అవే అంకెలు ఒకసారి చూసుకుంటే, కమీషన్ ఏజెంట్ చెప్పిన ధరే ఆఖరి మాట కాకుండా ఉంటుంది.